ఆ 0.4 ఎక్కణ్నుంచి వచ్చింది?

డయాలసిస్ యంత్రాలు కొనడానికి ప్రభుత్వం దగ్గర కొంత డబ్బుంది అనుకుందాం. వాటిని విశాఖపట్నంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పెట్టాలా, కిడ్నీ జబ్బు ప్రబలిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్లకు దగ్గరగా పెట్టాలా? అసలు యంత్రాలెందుకు, కిడ్నీ జబ్బును ముందే పట్టే రక్తపరీక్షలకు ఆ డబ్బు వాడితే పోదా? డాక్టర్ ఒకటి చెబుతారు, ఎమ్మెల్యే ఇంకోటి చెబుతారు, ఆర్థిక శాఖలో ఫైలు చూసే అధికారి మూడోది చెబుతారు. ముగ్గురివీ సబబైన మాటలే. ఆ మాటలన్నిటినీ ఒకే లెక్కలోకి తెచ్చి, ఎంత ఖర్చుకి ఎంత ఆరోగ్యం దక్కుతుందో పక్కపక్కన పెట్టి చూపించే పనే హెల్త్ ఎకనమిక్ మోడలింగ్.

ఫార్మసీలో ఫార్మ్‌డీ పూర్తిచేసినవాళ్లు, స్టాటిస్టిక్సో ఎకనమిక్సో చదివినవాళ్లు, ప్రజారోగ్యంలో ఎంపీహెచ్ చేసిన డాక్టర్లు ఈ రంగంలోకి వస్తున్నారు. వచ్చేవాళ్లందరికీ ముందుగా పట్టుకునే టెన్షన్ గణితం గురించే. అది అనవసరమని నా అభిప్రాయం. మొదటి రెండు మూడేళ్లలో కావలసిన గణితం శ్రద్ధగా కూర్చుంటే కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. ఆ రెండు మూడేళ్లనీ నిజంగా తినేసే పని వేరే ఉంది. ఎక్సెల్ షీటులో ఒక గడిలో 0.4 అని ఉంటే, అది ఎక్కణ్నుంచి వచ్చింది, ఎవరి దగ్గర కొలిచారు, మన దగ్గర పనికొస్తుందా అని తేల్చుకోవడం.

వైకుంఠపాళీ లెక్క

ముందు మోడల్ ఎలా నడుస్తుందో చూద్దాం. దీర్ఘకాలిక జబ్బులకి ఎక్కువగా వాడేది మార్కోవ్ మోడల్. రష్యన్ గణిత శాస్త్రవేత్త ఆంద్రేయ్ మార్కోవ్ 1906లో మొదలుపెట్టిన ఆలోచన ఇది. దాన్ని జబ్బుల లెక్కకి ఎలా వాడాలో 1983లో బెక్, పాకర్ అనే ఇద్దరు అమెరికన్లు చూపించారు. వైకుంఠపాళీ ఆడినవాళ్లకి ఇది సగం తెలిసినట్టే. పావు ఇప్పుడు ఏ గడిలో ఉంది, పందెం ఎంత పడింది, తర్వాత ఎక్కడికి వెళ్తామో ఈ రెండే తేలుస్తాయి. ఆ గడికి నిచ్చెనెక్కి వచ్చామా, పాము మింగితే వచ్చామా అన్నది ఆటకి అక్కర్లేదు. మోడల్లో గడులంటే ఆరోగ్య స్థితులు. పందెం బదులు, ఏడాదిలో ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి వెళ్లే అవకాశం ఎంతో రాసి ఉంటుంది.

చిన్న ఉదాహరణ చెబుతాను. ఇందులోవి లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్న అంకెలు, ఏ అధ్యయనంలోవీ కావు. కిడ్నీ జబ్బు ఉండి, ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్లు 1,000 మంది ఉన్నారు. వాళ్లలో ఏటా నూటికి 10 మంది డయాలసిస్‌కి వెళ్తారు, 5గురు చనిపోతారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఏటా నూటికి 20 మంది చనిపోతారు. మొదటి ఏడాది చివరికి డయాలసిస్ అక్కర్లేనివాళ్లు 850, డయాలసిస్ మీద 100, పోయినవాళ్లు 50. రెండో ఏడాది చివరికి ఆ మూడు అంకెలు 722.5, 165, 112.5 అవుతాయి. అర మనిషి పోవడమేంటని కొత్తవాళ్లకి నవ్వొస్తుంది గానీ, సగటు లెక్కలో అర మనుషులు మామూలే.

ఇప్పుడు ఆరోగ్యాన్ని కొలవాలి. పూర్తి ఆరోగ్యంతో గడిపిన ఒక ఏడాదిని ఒక క్వాలీ అంటారు. డయాలసిస్ అక్కర్లేనివాళ్ల ఏడాదికి 0.8, డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ఏడాదికి 0.5 విలువ కడితే, పై గుంపుకి రెండో ఏడాదిలో దక్కేది 660.5 క్వాలీలు. ఇలా 20, 30 ఏళ్లు నడిపిస్తారు. పాత పద్ధతికి ఒకసారి, కొత్త పద్ధతికి ఒకసారి. మోడల్ అంటే ఇంతే.

డయాలసిస్ మొదలై మూడు నెలలైనవాడూ, ఎనిమిదేళ్లుగా చేయించుకుంటున్నవాడూ ఈ లెక్కలో ఒకే గడిలో కూర్చుంటారు. కానీ మరణాలు మొదటి కొన్ని నెలల్లో ఎక్కువ. మోడల్‌కి గతం గుర్తుండదు కాబట్టి మనమే ఆ గడిని మొదటి ఏడాది, రెండో ఏడాది, ఆ పైన అని చీల్చి పెట్టాలి. ఎన్ని ముక్కలు చీల్చాలన్నది ఏ ఫార్ములా చెప్పదు. కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) పక్కన కూర్చుని మాట్లాడితే తెలుస్తుంది.

బేరం కుదిరిందా లేదా

కొత్త పద్ధతికి మనిషికి 60,000 రూపాయలు ఎక్కువ ఖర్చై, 0.4 క్వాలీ అదనంగా దక్కితే, ఒక క్వాలీకి లక్షన్నర పడ్డట్టు. ఈ నిష్పత్తిని ఐసర్ అంటారు. మన దేశంలో ఇలాంటి అధ్యయనాలు చేయించడానికి కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017లో హెచ్‌టీఏఇన్ అనే వ్యవస్థ మొదలైంది. అక్కడ ఐసర్‌ని తలసరి జీడీపీతో పోల్చి చూస్తారు. అది ఇప్పుడు 2 లక్షల రూపాయలు దాటింది. లక్షన్నర అంతకన్నా తక్కువే కాబట్టి బేరం కుదిరినట్టే. అదే 0.4 కాస్తా 0.25 అయితే? ఐసర్ 2 లక్షల 40 వేలకి చేరుతుంది. ఖర్చు పైసా కూడా మారలేదు, బేరం మాత్రం చేజారే చోటికి వచ్చేసింది.

తలసరి జీడీపీ అనే గీతను కూడా ఎవరో ఒకరు గీశారు. దాని ఒకటి నుంచి మూడు రెట్ల దాకా పెట్టొచ్చన్న మాట 2001లో డబ్ల్యూహెచ్‌ఓ కమిషన్ నివేదికతో వాడుకలోకొచ్చింది. నిర్ణయానికి అదొక్కటే కొలతగా పెట్టుకోవద్దని 2016లో డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులే రాశారు. జీడీపీ ఏటా పెరుగుతుంది, ఆరోగ్య బడ్జెట్ అదే వేగంతో పెరగాలని రూలేం లేదు. నిరుడు ఖరీదనుకున్న మందు, దాని ధర తగ్గకుండానే ఈ ఏడాది అందుబాటు ధర అయిపోతుంది. దీని మీద వాదన ఇంకా నడుస్తోంది. కొత్తవాళ్లు దాన్ని తేల్చక్కర్లేదు గానీ, రిపోర్టులో ఏ గీత వాడారో, ఏ సంవత్సరానిదో స్పష్టంగా రాయాలి.

40ని 5తో భాగిస్తే

ఎంట్రీ స్థాయిలో ఎక్కువగా దొర్లే తప్పు ఒకటి చెప్పాలి. పరిశోధన పత్రంలో "ఐదేళ్లలో 40 శాతం మంది చనిపోయారు" అని ఉంటుంది. మోడల్‌కి ఏడాది లెక్క కావాలి. 40ని 5తో భాగించి 8 శాతం పెట్టేస్తారు. అది చెల్లదు, ఎందుకంటే రెండో ఏడాది ఆ శాతం పడేది మిగిలినవాళ్ల మీదే. ఏటా 8 శాతం చొప్పున పోతే ఐదేళ్లలో 34 శాతమే పోతారు, మిగతా 6 శాతాన్ని మనం కాగితం మీద బతికించేసినట్టు. సరైన అంకె 9.7 శాతం. ముందు బతికున్న 0.6 వంతుకి ఐదో మూలం తీసి, దాన్ని ఒకటిలోంచి తీసేస్తే వస్తుంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

లెక్క సరిచేసుకున్నాక అసలు చిక్కు మిగిలే ఉంటుంది. ఆ 40 శాతం ఎవరిది? అమెరికా రిజిస్ట్రీలో 70 ఏళ్ల డయాబెటిస్ పేషెంట్లదైతే, ఉద్దానంలో 45 ఏళ్లకే కిడ్నీ పోయిన తోట కూలీకి అది అతకదు. కిడ్నీతో సంబంధం లేని మామూలు మరణాలకి ఏ వయసులో ఎంతమంది పోతారో చెప్పే ప్రభుత్వ పట్టికలు, శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ లైఫ్ టేబుల్స్, ఉన్నాయి, అవి వాడొచ్చు. జబ్బు తాలూకు మరణాలకి మాత్రం వెతుక్కోవాల్సిందే. దొరక్కపోతే దొరికినదాన్ని వాడి, అది ఏ దేశానిదో పక్కనే రాసి, అటూ ఇటూ మార్చి చూపించాలి. ఈ నిజాయితీకి పట్టేది ఒక్క లైను. చాలా రిపోర్టుల్లో ఆ లైనే ఉండదు.

ఎవరి జేబు

ఖర్చుల దగ్గరికొస్తే పని ఎండలోకి వచ్చినట్టే. ప్రభుత్వాసుపత్రిలో ఒక డయాలసిస్‌కి ఎంతవుతుందని అడిగితే సూటిగా చెప్పే రిజిస్టరు సాధారణంగా ఉండదు. జీతాలు ఒక పద్దు, మందులు ఇంకో పద్దు, కరెంటు ఆసుపత్రి మొత్తానికీ కలిపి ఒకటే బిల్లు. కాబట్టి జూనియర్ పరిశోధకుడు నోట్‌బుక్ పట్టుకుని యూనిట్‌లో కూర్చుంటాడు. పేషెంట్‌ని మెషిన్‌కి ఎక్కించడానికి టెక్నీషియన్‌కి ఎన్ని నిమిషాలు పట్టింది? నర్సు ఒకేసారి ఎన్ని పడకలు చూస్తోంది? ఆర్వో ప్లాంటు మెయింటెనెన్స్ ఎవరి ఖాతాలో పడుతోంది? రక్తాన్ని వడకట్టే డయలైజర్‌ని ఒకసారి వాడి పారేస్తున్నారా, శుభ్రం చేసి అదే పేషెంట్‌కి మళ్లీ వాడుతున్నారా? ఈ చివరి ప్రశ్నకి చెప్పే జవాబు ఒకటి, స్టోర్ రిజిస్టరు చూపించే జవాబు ఒకటి అయిన సందర్భాలుంటాయి. అప్పుడు స్టోర్ రిజిస్టరునే నమ్మాలి.

మెషిన్ ధరకే ఎంత తేడా వస్తుందో చూడండి. 6 లక్షల మెషిన్ పదేళ్లు పనిచేస్తుంది, ఏడాదికి 300 రోజులు నడుస్తుంది అనుకుందాం. రోజుకి మూడు షిఫ్టులు నడిపితే ఒక డయాలసిస్ మీద పడే మెషిన్ ఖర్చు 67 రూపాయలు. టెక్నీషియన్ లేక ఒకటే షిఫ్టు నడిస్తే 200. అదే మెషిన్, అదే ధర. "డయాలసిస్ ఖర్చు ఎంత" అన్న ప్రశ్నకి యూనిట్ ఎంత బిజీగా ఉందో తెలీకుండా జవాబు లేదు. చండీగఢ్‌లోని వైద్య పరిశోధన సంస్థ పీజీఐఎంఈఆర్ బృందం తయారుచేసిన జాతీయ ఖర్చుల డేటాబేస్ ఉంది కాబట్టి ఇప్పుడు ప్రతి అంకెనీ మొదటి నుంచీ కొలవక్కర్లేదు. అయినా ఒక్కసారైనా ఒక యూనిట్‌లో కూర్చుని కొలిచినవాళ్లకీ, డేటాబేస్ నుంచి కాపీ చేసినవాళ్లకీ రిపోర్టులో తేడా తెలిసిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. ఎవరి జేబులోంచి పోయే డబ్బుని లెక్కపెడుతున్నాం? ఉద్దానం అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు. కొబ్బరి, జీడితోటల సీమ. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకింత ప్రబలిందో ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. చాలాకాలం అక్కడివాళ్లలో ఎంతోమందికి డయాలసిస్ అంటే విశాఖ ప్రయాణమే. ప్రభుత్వ ఖజానాని మాత్రమే చూసే లెక్కలో ఇది బాగానే కనిపిస్తుంది: నగరంలో పెద్ద యూనిట్, మూడు షిఫ్టులు, 67 రూపాయలు. రైలెక్కి వచ్చిన మనిషి, తోడు వచ్చిన భార్య, ఇద్దరి కూలీ, మధ్యాహ్నం హోటల్ భోజనం, ఆఖరి బస్సు తప్పితే ప్లాట్‌ఫామ్ మీద రాత్రి, ఇవేవీ ఆ లెక్కలో లేవు. ఒక్కో రాకకి ఇదంతా కలిపి 1,500 రూపాయలే అనుకున్నా, వారానికి రెండుసార్ల చొప్పున ఏడాదికి 1,56,000. సమాజం మొత్తం వైపు నుంచి లెక్క కడితే ఈ డబ్బు మోడల్లోకి వచ్చేస్తుంది. అప్పుడు ఊరి దగ్గర ఒకటే షిఫ్టు నడిచే యూనిట్ కూడా లాభంగా తేలొచ్చు. తర్వాతి కాలంలో అటువైపే డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది.

ఇందులోనే ఒక మెలిక. డయాలసిస్ పేషెంట్లకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఇది ఖర్చా? ఖజానా వైపు నుంచి నిక్షేపంగా ఖర్చే, మనిషికి ఏడాదికి 1,20,000. సమాజం వైపు నుంచి మాత్రం కాదు. డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది తప్ప నర్సు గంటో, మెషిన్ గంటో, సెలైన్ సీసానో ఖర్చవలేదు. పోగొట్టుకున్న కూలి డబ్బు ఒక పక్కా, పింఛను ఇంకో పక్కా రెండూ ఖర్చు కింద రాసేస్తే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఇది పుస్తకంలో రెండు లైన్లలో ఉంటుంది, చదివితే అర్థమైపోయిందనిపిస్తుంది. షీటు ముందు కూర్చున్నప్పుడు చేయి దానంతట అదే పింఛను వరసని కలిపేస్తుంది.

నొప్పి లేదు, నీరసం

0.8, 0.5 లాంటి విలువలు ఎక్కడివి? ఎక్కువగా ఈక్యూ-5డీ అనే చిన్న ప్రశ్నావళి నుంచి. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి లేదా అసౌకర్యం, దిగులు లేదా ఆందోళన. ఐదు అంశాలు, ఒక్కోదానికి ఐదు స్థాయిలు, మొత్తం 3,125 రకాల ఆరోగ్య స్థితులు. ఒక్కో స్థితికి ఎంత విలువ ఇవ్వాలో జనాన్నే అడిగి తేలుస్తారు. చాలా ఏళ్లు మనవాళ్లు థాయ్‌లాండ్, బ్రిటన్ విలువలు అరువు తెచ్చుకున్నారు. ఐదు రాష్ట్రాల్లో 3,548 మందిని అడిగి తయారుచేసిన భారతీయ విలువల పట్టిక 2022లో వచ్చింది. అందులో అతి దుర్భర స్థితి విలువ -0.923. అంటే మరణం కన్నా ఘోరమని జనం భావించిన స్థితులున్నాయన్నమాట. అన్నిటికన్నా ఎక్కువగా విలువను కోసేది నొప్పి.

డయాలసిస్ యూనిట్‌లో ఈ ప్రశ్నావళి పట్టుకుని కూర్చుంటే వినిపించే జవాబు ఒకటుంది. "నొప్పేటి నేదు బాబూ. నీరసం. ఇంటికెల్తే మర్నాడు దాకా లెగలేను." ఫారంలో నొప్పికి "లేదు" దగ్గర టిక్ పడుతుంది. నీరసానికి గడి లేదు. రోజువారీ పనుల దగ్గర కొంత పడుతుంది గానీ, "తోటకెల్లడం ఎప్పుడో మానేసినాను కదా" అని ఆ మనిషి దాన్ని ఇబ్బందిగా చెప్పనే చెప్పదు. అలవాటైపోయింది. జీవితం ఇరుకైపోయినా ఫారంలో 0.7 వస్తుంది. అడిగేవాడికి ఉత్తరాంధ్ర యాస తెలిసి, ఒక్క నిమిషం ఆగి, "జబ్బు రాక ముందు ఏటి చేసేవోరు?" అని మాట కలిపితే ఆమె పరిస్థితి బయటికొస్తుంది. కానీ ప్రశ్నావళిని ఉన్నది ఉన్నట్టే చదవాలన్నది నియమం, ఎందుకంటే అందరినీ ఒకేలా అడగకపోతే పోల్చడానికి వీల్లేదు. రెండూ న్యాయమే. నేనైతే ఫారం నియమం ప్రకారమే నింపి, ఆమె మాటలు విడిగా రాసుకుని, రిపోర్టు చర్చ భాగంలో పెట్టమంటాను.

డిస్కౌంటింగ్ గురించి ఒక్క ముక్క. భవిష్యత్తులో వచ్చే ఖర్చునీ ఆరోగ్యాన్నీ హెచ్‌టీఏఇన్ పద్ధతిలో ఏటా 3 శాతం చొప్పున తగ్గించి చూస్తారు. 30 ఏళ్ల తర్వాత దక్కే ఒక క్వాలీ ఇవాళ్టి లెక్కలో 0.41. ఆడపిల్లలకి ఇవాళ వేసే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా లాంటివాటికి ఇది పెద్ద దెబ్బ. అందుకే ఆ రేటును మార్చి కూడా చూపిస్తారు.

వెయ్యిసార్లు తిప్పడం

ఇన్ని అనుమానాలున్న అంకెలతో చేసిన లెక్కని నమ్మేదెలా? ఒక్కో అంకెనీ విడిగా పైకీ కిందకీ జరిపి ఫలితం ఎంత కదిలిందో చూస్తారు. ఎక్కువ కదిలించిన అంకె పైనా, తక్కువ కదిలించింది కిందా వచ్చేలా గీసే పటాన్ని టోర్నాడో అంటారు. తర్వాత అన్నిటినీ ఒకేసారి కదుపుతారు. ప్రతి అంకెకీ ఒక పరిధి ఇచ్చి, అందులోంచి యాదృచ్ఛికంగా తీసి, మోడల్‌ని వెయ్యిసార్లో ఐదు వేలసార్లో తిప్పుతారు. శాతాలకి బీటా డిస్ట్రిబ్యూషన్, ఖర్చులకి గామా. శాతం సున్నాకీ ఒకటికీ మధ్యే ఉండాలి, ఖర్చు మైనస్‌లోకి పోకూడదు, కారణం అంతే. చివరికి "వెయ్యికి 640 సార్లు బేరం కుదిరింది" లాంటి వాక్యం వస్తుంది. అధికారులకి ఐసర్ కన్నా ఈ వాక్యం త్వరగా ఎక్కుతుంది. ఒక చిక్కు మాత్రం మిగులుతుంది. గడులే తప్పుగా గీసి ఉంటే వెయ్యిసార్లు తిప్పినా ఆ తప్పు బయటపడదు.

తప్పులు పట్టే పద్ధతులు మొరటుగా ఉంటాయి, బాగా పనిచేస్తాయి. మరణాల రేటు సున్నా పెట్టండి, ఒక్కరు చనిపోయినా ఎక్కడో ఫార్ములా తప్పు. రెండు పద్ధతులకీ ఒకే అంకెలు పెట్టండి, తేడా సున్నా రావాలి. ఒక స్థితి నుంచి ఎటెటు వెళ్లొచ్చో రాసిన ప్రతి వరసలో అవకాశాల కూడిక ఒకటి కావాలి. ఇవి చేయకుండా మోడల్‌ని గైడ్‌కి పంపకూడదు. 2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ క్లాసు అసైన్‌మెంట్ కోసం హార్వర్డ్ ప్రొఫెసర్లు రీన్‌హార్ట్, రోగాఫ్‌ల లెక్కల్ని మళ్లీ చేయబోయి, ఎక్సెల్ సగటులో ఐదు దేశాల వరసల్ని చేర్చకుండా వదిలేశారని పట్టుకున్నాడు. దేశాల అప్పుల మీద ప్రపంచమంతా ఉదహరించిన పేపరది. ఆరోగ్య మోడల్స్‌లోనూ ఇదే దారిలో నేర్చుకోవచ్చు. అచ్చైన ఒక భారతీయ అధ్యయనం తీసుకుని, దాని పట్టికల్లోని అంకెలతో మోడల్‌ని సొంతంగా కట్టి, అదే ఐసర్ వస్తుందేమో చూడటం. చాలాసార్లు రాదు. ఎందుకు రాలేదో వెతికేటప్పుడు నేర్చుకునేది ఏ కోర్సులోనూ దొరకదు.

విశాఖలో ఈ పని

ఇక్కడ స్టీల్‌ప్లాంట్ వైపు ఉన్న మెడ్‌టెక్ జోన్‌లోని కలాం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ టెక్నాలజీ హెచ్‌టీఏఇన్ కేంద్రాల్లో ఒకటి. వైద్య పరికరాలు తయారయ్యే చోటే వాటి విలువని లెక్కకట్టే అధ్యయనాలూ నడవడం ఈ ఊరికి ఉన్న వెసులుబాటు. ఇక్కడ ఇంకో రకం లెక్కకీ అవకాశముంది. పరికరం ఇంకా మార్కెట్లోకి రాకముందే, దానికి గరిష్ఠంగా ఎంత ధర పెడితే బేరం కుదురుతుందో వెనక్కి లెక్కకట్టడం. పరికరం వల్ల పేషెంట్‌కి 0.02 క్వాలీ లాభమని, గీత 2 లక్షలని అనుకుంటే, పేషెంట్‌కి 4,000 రూపాయలు దాటితే కుదరదు. ఆసుపత్రికి ఏమైనా ఖర్చు తగ్గిస్తే అది పైన కలుపుకోవచ్చు. డిజైన్ ఇంకా చేతిలో ఉండగానే ఈ అంకె తెలియడం తయారీదారుకి మంచిది, తర్వాత తెలిస్తే ఏడుపే.

ఉద్యోగాల మాటకొస్తే రెండు దారులు. ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో చాలావరకు ప్రాజెక్ట్ పోస్టులు. ప్రాజెక్ట్ ఎన్నాళ్లో ఉద్యోగం అన్నాళ్లే, కొత్త కాంట్రాక్టు కోసం ఎదురుచూపులు తప్పవు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఆలస్యమైతే ఆ గడువులోంచే పోతుంది. రెండోది హైదరాబాద్, బెంగళూరు కన్సల్టెన్సీలు. జీతం మెరుగు, ఎక్సెల్, ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ బాగా వస్తాయి, ఏ మందుకి ప్రభుత్వం డబ్బు పెట్టాలో చూసే బ్రిటన్ సంస్థ నైస్‌కి కంపెనీలు పంపే ఫైళ్ల మీద పనిచేసే అవకాశం ఉంటుంది. అక్కడ డబ్బిచ్చేది మందు తయారుచేసే కంపెనీయే. మోడల్లో ఏ గడి చీల్చాలి, ఏ దేశపు అంకె వాడాలి అన్న ప్రతి చోటా రెండు మూడు సబబైన ఎంపికలుంటాయి. అన్నీ ఒకే వైపు మొగ్గితే, ఒక్క తప్పూ చేయకుండానే ఫలితం క్లయింట్ వైపు ఒరిగిపోతుంది. ప్రభుత్వ ప్రాజెక్టుల్లోనూ ఈ ఒత్తిడి లేదనలేం, పథకం అప్పటికే ప్రకటించేసి ఉంటే మరీనూ. ఏ దారిలో చేరినా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేలోపు రెండు విషయాలు అడగాలి: ఫలితం ఎలా వచ్చినా ప్రచురిస్తారా, మోడల్ ఫైలు బయటివాళ్లకి చూపిస్తారా.